మందార మొక్కకు పోసిన నీళ్లు

ఆ రోజు కూడా సీసాలో నీళ్లన్నీ డిపో గేటు పక్కనున్న మందార మొక్క మొదట్లో వంపేసి, ఖాళీ సీసా ఊపుకుంటూ లోపలికి నడిచాను. రెండు లీటర్ల స్టీలు సీసా అది. సాయంత్రం ఏడింటికి నిండుగా బండెక్కిన నీళ్లు, పొద్దున ఏడున్నరకి నిండుగానే దిగాయి. మొక్క తాగింది, నేను తాగలేదు.

లోపల బెంచీ మీద కాక కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నాడు. నన్ను చూడగానే ఆయన అడిగేది బండి సంగతి కాదు, సామాను సంగతీ కాదు.

"నీళ్లు అయిపోయినయా బిడ్డా?"

"ఎప్పుడో అయిపోయినయ్ కాకా. ఇందల్వాయి కాడనే."

సీసా తలకిందులు చేసి చూపించాను. ఒక్క చుక్క రాలింది. ఆయన తృప్తిగా తలూపి మళ్లీ సాసర్ ఊదుకున్నాడు. నాలుగు నెలలుగా ప్రతి పొద్దునా ఇదే నాటకం.

కాక నాకు చుట్టమేమీ కాదు. మా డిపోలో అందరికంటే పాత డ్రైవరు. ముసలివాళ్లు కూడా ఆయన్ని కాక అనే పిలుస్తారు.

ఆగండి, ఎక్కడో మధ్యలో మొదలుపెట్టాను. చెల్లెళ్లారా, ఇది మీకోసమే రాస్తున్నాను. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది, అది కూడా లెక్కల్లో ఒకసారి తప్పి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి, స్టీరింగ్ మాత్రం వంకర తిప్పను. ఐదేళ్లు రాత్రి బండి తోలి, పోయిన ఏడాది పగటి బండికి మారాను. ఇప్పుడు కొత్తగా వచ్చే ఆడపిల్లల పక్కన కూర్చుని నేర్పిస్తున్నాను. మొన్న మీలో ఇద్దరు అడిగారు, "అక్కా, నైట్ల నిద్రెట్ల ఆపుకున్నవ్?" అని. అందరూ నిద్ర గురించే అడుగుతారు. నీళ్ల గురించి ఒక్కరూ అడగరు. నేను కూడా ఎవరినీ అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను ఇంచుమించు చంపింది. నన్నొక్కదాన్నే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

మా పని మీకు తెలిసిందే, తెలియని వాళ్లకు చెప్తాను. శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్ల విమానాలు దిగే చోటు ఒకటుంటుంది. మనుషులెక్కే వైపు కాదు, వేరే వైపు. అర్ధరాత్రి అక్కడ దిగిన మందుల పెట్టెలు, ఫోన్ల పెట్టెలు, పార్సిళ్లు తెల్లారేసరికి నిజామాబాద్ చేరాలి. రోజూ సాయంత్రం నిజామాబాద్‌లోని మా డిపో నుంచి రెండు బండ్లు బయల్దేరతాయి. ఒకటి కాకది, ఒకటి నాది. రెండూ కలిపి జోడీ. వెనక బండివాడి పని సామాను మోయడం ఒక్కటే కాదు. ముందు బండి ఎర్ర దీపాలను కనిపెట్టుకుని ఉండాలి. ఆ దీపాలు కొంచెం పక్కకి ఊగాయంటే ముందువాడికి కునుకు పడుతోందని లెక్క. అప్పుడు రెండుసార్లు లైటు కొట్టాలి. పోయేటప్పుడు కాక ముందు, వచ్చేటప్పుడు నేను ముందు. నిజామాబాద్‌లో సగం సామాను దింపాక మాత్రం జోడీ విడిపోతుంది. కాక బాల్కొండ వైపు పోతాడు. నేను బోధన్ మీదుగా రుద్రూర్ దాకా పోయి వస్తాను. ఆ చివరి ముక్కలో మన వెనక ఎవరూ ఉండరు.

ఈ బండి నాకు ఊరికే రాలేదు. మా మేనేజర్ సార్ చెడ్డమనిషి కాదు, భయస్తుడు. నా లైసెన్స్ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నైట్ బండి ఆడిపిల్లకు ఇస్తె, రేపేమన్న అయితె ఎవలు జవాబు చెప్పాలె?" అన్నాడు.

కాక అప్పుడు టైరుకు గాలి కొట్టిస్తున్నాడు. అక్కడినుంచే అన్నాడు. "నేను జిమ్మేదార్ సార్. నా జోడీల ఇయ్యుండ్రి. ఈమె తోలుడు నేను సూసిన, నాకంటె సాఫ్ తోల్తది."

ఆ ఒక్క మాట మీద తాళంచెవి నా చేతికొచ్చింది. దాంతోపాటు ఒక బరువు కూడా వచ్చింది. నేను ఒక్కరోజు తలనొప్పి అని కూర్చుంటే, పడేది నా మాట కాదు, కాక మాట. నా వెనక మా గల్లీలోనే ఇంకొక పిల్ల లైసెన్స్‌కు పెట్టుకుని ఉంది. నేను తప్పితే ఆ పిల్లకు గేటు పడిపోతుంది. అందుకని మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నాను. ఏదీ అడగొద్దు, ఎక్కడా ఆగమనొద్దు, మగవాళ్లకంటే ఒక పిసరు తక్కువ కావొద్దు.

మొదటి కొన్ని వారాలు బాగానే గడిచాయి. కామారెడ్డి దాటాక ఒక దాబా దగ్గర ఆగి చాయ్ తాగేవాళ్లం. మగవాళ్లకు ఏముంది, రోడ్డు పొడుగూతా చెట్లే. నాకు మాత్రం దాబా వెనక ఒక గది ఉండేది, రేకుల తలుపు, గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని కూర్చోవాలి. ఒక రాత్రి నేను లోపల ఉండగా బయట బల్బు ఆరిపోయింది. ఎవరో కావాలని ఆర్పారో, కరెంటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు అవతల ఎవరో నిలబడి ఉన్నారు. బీడీ వాసన వచ్చింది. ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు, ఊరికే నిలబడ్డారు. నేను తలుపు రెండు చేతులా పట్టుకుని, ఆ అడుగులు వెనక్కి పోయేదాకా ఊపిరి పీల్చలేదు. బయటికొచ్చి బండెక్కి స్టార్ట్ చేశాను.

"చాయ్ తాగవా?" అని కాక అరిచాడు.

"వద్దు కాకా, లేటైతది."

అంతే. ఆ రాత్రి నుంచి సాయంత్రం ఐదు తర్వాత నీళ్లు ముట్టుకోలేదు. తాగకపోతే పోవాల్సిన అవసరమే రాదు కదా అని నా తెలివి. ఎంత తెలివో చూడండి.

కాకకు చెప్పొచ్చు కదా అంటారు. ఎట్లా చెప్పను? ఆయన మా బాపు వయసువాడు. "కాకా, బండి తుడువు", "కాకా, చాయ్ తేనా" అనొచ్చు. ఈ మాట ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? ఇంట్లో మా అవ్వకే చెప్పలేదు. అవ్వ అంటే మా దగ్గర అమ్మ. చెబితే మర్నాడే తాళంచెవి సార్ టేబుల్ మీద పెట్టి వచ్చేది.

ఆ చలికాలంలోనే కాక సీసా సంగతి అడగడం మొదలుపెట్టాడు. అసలు ఆ సీసా కూడా ఆయనే తెచ్చి నా సీటు పక్కన పెట్టాడు. "తెల్లారేసరికి ఖాళీ కావాలె" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. పెద్దవాళ్లకు ఇట్లాంటి చాదస్తాలుంటాయిలే అనుకున్నాను. ఆయన చాదస్తానికి సీసా ఖాళీ అయితే చాలు కదా. గేటు పక్క మందార మొక్క అప్పటికి మోకాలంత కూడా లేదు.

మీరు నిద్ర సంగతి అడిగారు కదా, అదీ చెప్తాను. నిద్ర రాత్రి ఆపుకునేది కాదు, పగలు సంపాదించుకునేది. నేను పొద్దున తొమ్మిదింటికి పడుకునేదాన్ని. మాది ఒక్కటే గది. ఆ గదిలోనే అవ్వ, పక్కింటివాళ్లు కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. కత్తెర కిర్రుమంటుంది, కబుర్లు సాగుతాయి, మధ్యలో ఎవరో కూరగాయలవాడిని కేకేస్తారు. మొదట్లో నేను ముసుగు కింద కళ్లు తెరిచి వాళ్ల కబుర్లన్నీ వినేదాన్ని. రాత్రి పదింటికి మేడ్చల్ దగ్గర ఆ కబుర్లే గుర్తొచ్చి నవ్వుకునేదాన్ని. నవ్వు వస్తున్నా కళ్లు మూతలు పడేవి. ఇక పచ్చిమిరపకాయ కొరకడం, చెంపల మీద కొట్టుకోవడం, కిటికీ దించి పాటలు పాడడం. అవేవీ నిద్రను పోగొట్టవు చెల్లెళ్లారా. మిరపకాయ కొరికిన నిద్రమొహం తయారవుతుంది, అంతే.

సామాన్ల గేటు దగ్గర మాకు గంటన్నర ఎదురుచూపు ఉండేది. ఒక రాత్రి లోపలినుంచి ఒక చిన్న బస్సు వచ్చి ఆగింది. తెల్లచొక్కాలు వేసుకున్న ముగ్గురు దిగారు. సామాన్ల విమానం తోలే పైలట్లట. అందులో ఒకామె ఆడమనిషి. నాకంటే పదేళ్లు పెద్దదేమో. చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ, ఇంకో చేతిలో నీళ్ల సీసా పట్టుకుని, నడుస్తూ నడుస్తూనే గటగటా తాగింది. నేను నోరు తెరుచుకుని చూశాను. మా బండిలోకి ఎక్కే పెట్టెలు ఆమె మోసుకొచ్చినవే.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అన్నాడు, "వీళ్లకు ఇన్ని గంటలు పండుకోవాలని రాసి ఉంటదట. పండుకోకపోతే ఇమానం ఎక్కనియ్యరట."

కాక నవ్వాడు. "గవే డబ్బాలు. మీద తెచ్చేటోళ్లకు నిద్ర రాసిండ్రు. కింద తెచ్చేటోళ్లకు ఎవలు రాస్తరు?"

నాకు మాత్రం నిద్ర మాట మీద ధ్యాస లేదు. ఆమె అంత ధైర్యంగా నీళ్లెట్లా తాగుతోందా అని చూస్తున్నాను.

ఎండలు ముదిరేసరికి నాకు తేడా తెలుస్తూ వచ్చింది. మొదట మంట. తర్వాత నడుము పక్కన ఒక నొప్పి, గుంతలో బండి పడినప్పుడల్లా పోటు. తల ఎప్పుడూ దిమ్మెక్కినట్టు ఉండేది. అవి శ్రమదినాలు. మా ఇంట్లో, మా చర్చిలో ఈస్టర్ ముందు నలభై రోజులు చాలామంది పగలు ఉపవాసం ఉంటారు. నాకు అది భలే దొరికింది. చాయ్ ఎందుకు తాగవంటే ఉపవాసం. మొహం ఎందుకు గుంజుకుపోయిందంటే ఉపవాసం. రాత్రి పూట ఉపవాసం ఏమిటని ఒక్కరూ అడగలేదు. దేవుని పేరు మీద అంత సులువుగా అబద్ధం ఆడొచ్చని అప్పుడే తెలిసింది.

ఇక ఆ అసలు రోజు. సాయంత్రం బయల్దేరేటప్పుడే ఒళ్లు కాలుతోంది. ఒక జ్వరం గోలీ నీళ్లు లేకుండా మింగాను. పోవడం ఎట్లాగో పోయాను. వచ్చేటప్పుడు నేను ముందు. ఇందల్వాయి టోల్ గేటు ఇంకా రాకముందే కాక వెనకనుంచి రెండుసార్లు లైటు కొట్టాడు. కిటికీలోంచి చెయ్యి ఊపి, ఏం లేదన్నాను. ఇంకో పది నిమిషాలకు మళ్లీ కొట్టాడు.

డిపోలో సగం సామాను దింపుతుంటే దగ్గరకొచ్చాడు.

"మొఖం గట్ల ఎర్రగున్నదేంది? నువ్వు గీడనే పండుకో. బాల్కొండ పోయొచ్చి బోధన్ గూడ నేనే పోతా."

"ఏం లేదు కాకా. ఉపవాసం కద."

ఆయన బండి పక్కనుంచి జరిగాడు. నేను తాళం తిప్పాను.

బోధన్ దారి మీకు తెలుసు. చెరకు సీజన్లో ఆ దారంతా ఒక తీపి వాసన కమ్ముకుని ఉంటుంది. తెల్లవారుజామున ఆ వాసన చల్లగా ముక్కుకు తగులుతుంటే నాకు వణుకు పుట్టింది. ఎడపల్లి దాటడం గుర్తుంది. కళ్లు మూసుకున్నట్టు నాకు తెలియదు. తెరిచినట్టు మాత్రం తెలుసు. ఎందుకంటే తెరిచేసరికి నా ముందు రోడ్డు లేదు, చెరకు గడలు ఉన్నాయి.

ఒక ట్రాక్టరు, వెనక రెండు ట్రాలీలు, సగం రోడ్డు మీదికి ఆగి ఉన్నాయి. దీపం లేదు, కనీసం గుర్తుకు ఒక కొమ్మ అయినా విరిచి పెట్టలేదు. ట్రాలీ వెనకనుంచి గడలు బారెడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాను. వెనక పెట్టెలన్నీ వచ్చి క్యాబిన్‌కు గుద్దుకున్నాయి. గడల కొనలు ముందు అద్దానికి టపటపా తగిలి, పైనుంచి కిందిదాకా ఒక గీత పడింది. బండి ఆగిపోయింది. నా మొహానికీ ఆ గడలకీ మధ్య అద్దం ఒక్కటే ఉంది.

తర్వాత తెలిసింది. ట్రాలీ అవతలి పక్క, చక్రానికి ముందువైపు ఆనుకుని, చెరకాకు పరుచుకుని ఇద్దరు మనుషులు పడుకుని ఉన్నారు. మొగుడూ పెళ్లాం. చెరకు కోతకు మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు. టైరు పంచరై, తెల్లారనీ అని పడుకున్నారట. నేను ట్రాలీని ఒక్క మూర ముందుకు తోసి ఉంటే ఆ చక్రం వాళ్ల మీదుగా పోయేది. 

ఆమె లేచి పరుగెత్తుకొచ్చింది. "కాయ్ ఝాలం బాయీ? లాగలం కా?"

బోధన్ అంగట్లో తిరిగిన మరాఠీ నాకు కొంచెం వచ్చు. ఏమైంది, దెబ్బ తగిలిందా అని అడుగుతోంది. నేను తిట్లకోసం కాచుకుని ఉన్నాను. ఆమె తలుపు తీసి నా నుదురు ముట్టుకుని, "జ్వర్ ఆహే" అని మొగుడితో అంది. ఒక డబ్బాలోంచి గ్లాసు నిండా నీళ్లు పట్టి నా నోటి దగ్గర పెట్టింది.

నేను తల అడ్డంగా ఊపాను. అలవాటు. ఇంత జరిగాక కూడా నా తల అడ్డంగానే ఊగింది.

ఆమె నా మొహంలోకి చూసింది, ఖాళీ రోడ్డు అటూ ఇటూ చూసింది. అంతే, ఆమెకు అర్థమైపోయింది. ట్రాలీకి కట్టిన ఒక పాత చీర విప్పి, నా చెయ్యి పట్టుకుని చెరకు తోట గట్టుకు తీసుకుపోయింది. మొగుణ్ణి అటు తిరిగి నిలబడమంది. చీర రెండు చేతులా చాపి, నాకు వీపు పెట్టి నిలబడింది.

"జా. మీ ఉభీ ఆహే."

పో, నేను నిలబడ్డాను కదా అని. నాలుగు నెలల్లో నాకు ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆమె. మంటకు ఏడుపు వచ్చింది. మంటకేనో, ఆ మాటకో. ఆమె వెనక్కి తిరగకుండానే, "ఘాబరూ నకో, ఘాబరూ నకో" అంటూ గాబరా పడొద్దని చెబుతూ ఉంది.

ఆ తర్వాత మూడు గ్లాసుల నీళ్లు తాగాను. ఆమె సైగలతో, మాటలతో చెప్పింది. వాళ్ల కోత ముఠాలో ఆడవాళ్లందరికీ కలిపి ఆ పాత చీర ఒకటి ఉంటుందట. ఏ తోటకు పోయినా కొడవళ్లతో పాటు అదీ పోతుంది. వంతులేసుకుని పట్టుకుంటారు. దానికి సిగ్గేమిటని నవ్వింది. పేరు కూడా అడగకుండా వచ్చేశాను. అర్ధగంట అక్కడే కూర్చుని, ఒళ్లు నిలదొక్కుకున్నాక రుద్రూర్ దాకా నిమ్మళంగా పోయి, సామాను ఇచ్చి తిరిగొచ్చాను.

ఇప్పుడు నా బుద్ధి చూడండి. అంతా జరిగాక, డిపో గేటు దగ్గర దిగి, చేతులు వాటంతట అవే సీసా మూత విప్పాయి. నిండా ఉన్న నీళ్లు మందార మొక్కకు వంచుతున్నాను.

"గట్లనా సంగతి."

కాక. తన బండి చాటున నిలబడి ఉన్నాడు.

"మస్తు రోజుల సంది ఈ చెట్టు మీద నాకు డౌటున్నది" అన్నాడు. "పక్కపొంటి చెట్లన్ని ఎండి కట్టెలైనయ్. గిదొక్కటే పెండ్లిపిల్ల లెక్క పూస్తున్నది. నీళ్లెవలు పోస్తున్నరని వాచ్‌మన్‌ను అడిగితె నాకేం తెల్సన్నడు." అని నా బండి వైపు చూశాడు. "అద్దమేమైంది?"

"రాయి తగిలింది కాకా."

"సీసది ఒక అబద్ధం. అద్దంది రెండోది. ఇంకెన్నున్నయ్ బిడ్డా?"

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మెల్లగా అడిగాడు. నేను గేటు దగ్గరే కింద కూర్చుండిపోయి అన్నీ చెప్పేశాను. దాబా, రేకు తలుపు, ఆరిపోయిన బల్బు, ఉపవాసం, చెరకు గడలు, చక్రం పక్కన పడుకున్న ఇద్దరు. కాక నా పక్కనే మట్టిలో కూలబడ్డాడు. 

"నాకు ఆడిపిల్ల లేదు" అన్నాడు. "నువ్వు చాయ్ బంద్ జేసిననాడే అనుమానమొచ్చింది. ఎట్ల అడుగాలెనో తెల్వలే. తప్పు తీరుగ అడిగితె నువ్వు నా జోడీల ఉండవేమోనని భయపడ్డ. గందుకే సీస తెచ్చి పెట్టిన. నీళ్లు అయిపోతున్నయంటె, బిడ్డ ఏడనో ఒక తాన ఆగుతున్నది, అంత మంచిగనే ఉన్నదనుకున్న."

అప్పటిదాకా నేను చాదస్తం అనుకున్నది ఆయన ప్రశ్న. నాలుగు నెలలు రోజూ అడిగాడు. నాలుగు నెలలు రోజూ నేను తప్పు జవాబు చూపించాను.

"ఆపుకుంట ఆపుకుంట తోలితె ఏమైతదో నాకెర్కే" అన్నాడు లేస్తూ. "నాకు రెండు రాళ్లు తీసిండ్రు. మొగోన్ని, రోడ్డంత నాదే. అయినా టైం టైం అనుకుంట ఆగకపోతుంటి. పో, లోపటికి పో. సార్‌కు ఏం జెప్తవో నీ ఇష్టం. రాయి అంటవా, నేను గూడ రాయే అంట."

రాయి అంటే అంతటితో అయిపోయేది. సార్ పెన్ను కూడా తీశాడు, "రాయా?" అని ఆయనే అందించాడు. నాకు ఆ చెరకాకు మీద పడుకున్న ఇద్దరూ కనిపించారు. రాయి అని రాస్తే, రేపు ఇంకో బండి, ఇంకో ట్రాలీ.

"రాయి గాదు సార్. నిద్రపోయిన. జ్వరంతోని తోలిన."

సార్ పెన్ను కింద పెట్టాడు. "గిందుకే నేను మొదాలు వద్దన్న" అన్నాడు.

నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు ఆ నోరు. "సార్, మన డబ్బాలు ఇమానంల తెచ్చేటామె గూడ ఆడిదే. రాత్రే తోల్తది. ఆమెకు ఎన్ని గంటలు పండుకోవాలెనో రాసిచ్చిండ్రు. నాకు మీరు మేడ్చల్ ఎన్ని గంటలకు దాటాలె, ఇందల్వాయి ఎన్ని గంటలకు దాటాలె అని రాసిచ్చిండ్రు. ఏడ ఆగాలెనో రాయలే. దీపమున్న బాత్రూం కాడ రెండు తాన్ల పావుగంట ఆగుడు రాయుండ్రి. అప్పుడు గూడ నాతోని కాకపోతె తాళంచెవి నేనే ఇస్త."

సార్ కాక వైపు చూశాడు. కాక గోడ వైపు చూశాడు. "పైనోళ్లను అడుగాలె" అని సార్ గొణిగి, తాళంచెవి తీసుకుని సొరుగులో వేశాడు. "ముందు నువ్వు దవాఖానకు పో."

ఆ సొరుగు మూసుకున్న చప్పుడు నాకు చాలా రోజులు వినిపించింది.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ అడిగింది, ఎన్ని గంటలు ఆపుకుంటావని. పన్నెండు అన్నాను. ఆమె రాస్తున్నది ఆపి నా వైపు చూసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ పట్టి కిడ్నీ దాకా పాకిందని చెప్పింది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఉంటే మందులతో పోయేది కాదంది. సూదులు, గోలీలు, పది రోజులు ఇంట్లో.

అవ్వకు చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. బీడీల చాట ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది.

"మేం గంతే కదనే" అంది. "చాట ఒళ్లె పెట్టుకున్నంక కట్ట పూర్తయ్యేదాంక లేస్తమా? లేస్తె చెయ్యి ఆగుతదని గట్లనే కూసుంటం. నువ్వు బండి తోల్తె నాలెక్క కావనుకున్న. నాలెక్కనే అయినవ్."

ఆ మధ్యాహ్నమే అవ్వ తన బీడీల మనుషులందరినీ లేపి పక్కింటి వాకిట్లోకి మార్చింది. కిటికీకి నల్లగొంగడి కట్టింది. నా ఫోను బియ్యం డబ్బాలో దాచింది. చీకట్లో ఆరు గంటలు పడుకున్నాను. డ్యూటీలో చేరినప్పటినుంచి పగలు అంత నిద్ర పోవడం అదే మొదలు. చెల్లెళ్లారా, మీరడిగిన నిద్ర కిటుకు ఇదే, ఇంతకంటే నా దగ్గర ఏమీ లేదు. ఇంట్లోవాళ్లు మన పగలును రాత్రిగా ఒప్పుకోవాలి. ఒప్పించాలంటే ముందు మనం నోరు విప్పాలి. తిండి కూడా అప్పుడే మార్చాను. బయల్దేరే ముందు అన్నం, అర్ధరాత్రి ఒక జొన్నరొట్టె, అంతే. రాత్రి రెండింటికి పెరుగన్నం తింటే దేవుడు దిగొచ్చినా కళ్లు తెరవలేం.

పదకొండో రోజు డిపో నుంచి కబురొచ్చింది. సార్ తాళంచెవితోపాటు ట్రిప్ షీట్ నా ముందుకు జరిపాడు. రెండుచోట్ల, రింగురోడ్డు దగ్గర పెట్రోల్ బంకు, తర్వాత టోల్ గేటు, ఒక్కోచోట పావుగంట అని రాసి ఉంది. పెన్సిల్‌తో రాశాడు.

"పైనోళ్లు వద్దంటె తుడుస్త" అన్నాడు.

"గట్లనే సార్" అన్నాను. మూడు నెలల తర్వాత అదే మాట పెన్నుతో రాశాడు. మీ షీట్లలో ఇప్పుడు అచ్చు వేసి వస్తున్నది అదే.

ఆ సాయంత్రం జోడీ మళ్లీ బయల్దేరింది. పెట్రోల్ బంకు దగ్గర కాక తన బండిని కొంచెం వంకరగా ఆపాడు. హెడ్‌లైట్లు సరిగ్గా ఆడవాళ్ల బాత్రూం తలుపు మీద పడ్డాయి. తర్వాత దిగి, అటు వీపు పెట్టి, చేతులు వెనక కట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.  నాకు చెరకు తోట గట్టు మీద చాపిన పాత చీర గుర్తొచ్చింది. టోల్ గేటు దగ్గరా అంతే. ఆ పొద్దుటి చివరి ముక్కలో, బోధన్ దారిలో, చీకట్లో ఆగిన ప్రతి ట్రాలీ పక్కన బండి మెల్లగా పోనిచ్చి హారన్ కొట్టాను. చీర పట్టి నిలబడ్డ ఆమె ఎక్కడా కనిపించలేదు.

డిపోకు వచ్చేసరికి కాక బెంచీ మీద సాసర్ ఊదుకుంటూ ఉన్నాడు. ఈసారి నిజంగానే తాగి ఖాళీ చేసిన సీసా తలకిందులు చేసి చూపించబోయాను. ఆయన సీసా వైపు చూడలేదు, కిటికీలోంచి గేటు వైపు చూస్తున్నాడు. నేను లేని పది రోజుల్లో మందార మొక్క ఆకులు వాడిపోయి వేలాడుతున్నాయి.

నేను మళ్లీ బయటికి వెళ్లి, బోరు కింద బకెట్ పెట్టి నిండా పట్టి, మొక్కకు పోశాను.